కొల్లేటి జాగిలాన్ని ఊరకుక్క అన్నవాళ్లకు

ఇప్పుడే ఫోను పెట్టేశాను. కోపం దిగక ముందే రాస్తున్నాను.

మా మేనల్లుడికి నూజివీడు దగ్గర ఎనిమిది ఎకరాల మామిడి తోట ఉంది. పందికొక్కులు గట్లన్నీ తవ్వేస్తున్నాయి. రాత్రిళ్లు అడవిపందులు దిగుతున్నాయి. "మామయ్యా, అన్ని పనులూ చేసే వేటకుక్క కావాలని జర్మన్ పాయింటర్‌కు నిన్న అడ్వాన్సు ఇచ్చాను" అన్నాడు. ఎంత అంటే, ఒక పాడిగేదె వచ్చే డబ్బు చెప్పాడు. జోనంగి, అంటే మన కొల్లేటి జాగిలం, గుర్తుకు రాలేదా అని అడిగాను. "అది ఊరకుక్కేనట మామయ్యా, అమ్మే ఆయన చెప్పాడు."

ఊరకుక్క! కైకలూరు పక్కన పుట్టి, జోనంగి వెంట పొలాల్లో పరుగెత్తి పెరిగిన నాకు ఆ మాట వినిపించాడు.

ఆ జర్మన్ కుక్క మీద నాకు కోపం లేదు. అది గొప్ప కుక్క. ఇంగ్లీషువాళ్లు పిట్టను చూపడానికి ఒక కుక్కను, పడిన పిట్టను తేవడానికి ఇంకొక కుక్కను పెంచుకుంటే, జర్మన్లు అన్నీ ఒకే కుక్క చేత చేయించాలని పట్టుబట్టి తయారు చేసుకున్న జాతి అది. పొదలో పిట్ట వాసన తగిలితే కాలు ఎత్తి బిగుసుకొని నిలబడుతుంది, తుపాకీ పేలాక చల్లటి నీళ్లలో దూకి బాతును నోట కరుచుకొని వస్తుంది, దెబ్బతిన్న జింక నెత్తుటి జాడ పట్టుకొని పోతుంది. బాగుంది. కానీ మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. మామిడి తోటలో అది పిట్టను చూపిస్తే వెనుక తుపాకీ పట్టుకొని ఎవరు నిలబడతారు? దానికి రోజూ గంటల తరబడి పరుగు కావాలి. మే నెలలో నూజివీడులో పొద్దున తొమ్మిది దాటాక మనిషే బయటికి రాడు. పరుగు లేక అది పిచ్చెత్తినట్టు అయిపోతుంది, కట్టేస్తే గొలుసు కొరుకుతుంది, ఏడాది తిరిగేసరికి ఎవరికైనా ఇచ్చేస్తామని ఫోటో పెడతారు. అలాంటి ఫోటోలు నేను ఎన్ని చూశానో!

అడవిపంది మీదికి ఉసిగొల్పుదామనుకుంటే అదీ నేరమే. పైగా ఒక్క కోర పోటుకు కుక్క పొట్ట చీలిపోతుంది. పంది వచ్చిందని ఇల్లంతా లేపే కుక్క చాలు.

ఇదంతా చెబితే "పోనీ దేశవాళీ అంటారా, ముధోల్ తెస్తాను" అన్నాడు. ఎందుకు? 2020లో ప్రధాని రేడియోలో దాని పేరు చెప్పారు, సైన్యం తీసుకుందని పేపర్లో వచ్చింది. ముధోల్ కంటితో చూసి తరిమే కుక్క. కర్ణాటకలోని బాగల్‌కోట్ మెట్ట నేలల్లో కుందేలు వెంట దూసుకుపోవడానికి పుట్టింది. చెట్లు, కంచెలు, బోదెలు ఉన్న తోటలో అంత వేగంతో పోతే కాలు విరగ్గొట్టుకుంటుంది. ఏ జాతి గొప్పది అని అడుగుతారే గాని నా నేల ఏది, నా నీరు ఏది, నా పని ఏది అని ఒక్కరూ అడగరు.

2005లో తపాలా శాఖ నాలుగు దేశీయ కుక్కలకు స్టాంపులు వేసింది. హిమాలయ గొర్రెల కుక్క, రాంపూర్, ముధోల్, రాజపాళయం. తమిళనాడులోని రాజపాళయం ఊళ్లో ఆ కుక్కను పెంచి పోషించిన రాజుల కులంవాళ్లు ఎవరు? శతాబ్దాల కిందట తెలుగునాటి నుంచి తరలిపోయిన మనవాళ్లే. ఊరు కాని ఊరు వెళ్లి, ఇప్పటికీ ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ, వాళ్లు ఒక కుక్క జాతికి తమ ఊరి పేరు నిలబెట్టారు. ఇక్కడే కూర్చున్న మనం నిలబెట్టింది ఏమిటి?

ఇంకొకటి నన్ను దహించేస్తుంది. దొంగతనం జరిగిన చోటికి పోలీసులు లాబ్రడార్‌ను తెస్తే పేపర్లు "పోలీసు జాగిలం" అని రాస్తాయి. జాగిలం అన్న మాటను పేరులోనే మోసే కుక్క కొల్లేటి జాగిలం. మాటను తీసుకెళ్లి పరాయి కుక్కకు ఇచ్చి, దాన్ని మాత్రం వీధి పాలు చేశాం.

నున్నటి పొట్టి బొచ్చు, నుదుటి మీద ముడతలు, వీపు మీదికి చుట్టుకున్న తోక. మామూలు కుక్కలా మొరగదు, గొంతు సాగదీసి కూస్తుంది. ఎండ ఎక్కితే నేల తవ్వుకొని ఆ చల్లటి గుంటలో పడుకుంటుంది. మా నాన్న దగ్గర నాలుగు వందల బాతులు ఉండేవి. కోతలయ్యాక వాటిని కోసిన పొలాల మీదికి తోలుకెళ్తే, రెండు జాగిలాలు అటొకటి ఇటొకటి నడిచేవి. ఒక్క బాతుకు పన్ను తగలనిచ్చేవి కావు. అవే కుక్కలు సాయంత్రం గట్టు మీద పందికొక్కు బొరియ కనిపిస్తే ముందు కాళ్లతో మన్ను ఎగజిమ్ముతూ లోపలికంటా తవ్వేవి. మంద కాచేది, నీళ్లలో దిగేది, బొరియ తవ్వేది, కాపలా పడుకునేది ఒకే కుక్క. అన్ని పనులూ చేసే కుక్క అంటే ఇంకేం కావాలి?

తర్వాత చేపల చెరువులు వచ్చాయి. వరి పోయింది, బాతులు పోయాయి. 1999లో కొల్లేరును అభయారణ్యం చేశారు, 2006లో చెరువుల గట్లు కొట్టేశారు. కొంగలకు లెక్క ఉంది, గూడబాతులకు లెక్క ఉంది. జాగిలం ఊసు ఎత్తినవాళ్లను మాత్రం నేను చూడలేదు. మా నాన్న బాతులను అమ్మేసి పొలం చెరువుకు కౌలుకు ఇచ్చిన ఏడాది, మా రెండు కుక్కలూ గట్టు మీదే ఉండిపోయాయి. చేపలు తింటున్నాయని చెరువు మనుషులు వాటికి మందు పెట్టారు. నేను హైదరాబాద్‌లో చదువుకుంటున్నాను. అమ్మ ఉత్తరంలో ఒక్క వాక్యం రాసింది. దాని గురించి నాన్నతో నేను ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన పోయి ఆరేళ్లయింది.

మావాడికి అడ్వాన్సు తిరిగి రాదట. పోతే పోనీ అన్నాను. ఆదివారం ఇద్దరం ఆకివీడు మీదుగా కొల్లేటి ఊళ్లు తిరుగుతున్నాం. మీ ఇంట్లోనో, మీ చెరువు గట్టు మీదో పిల్లలు పెట్టిన జాగిలం ఉంటే ఊరి పేరు రాయండి. మేమే వస్తాం.