ఆకు చూడండి, డబ్బా కాదు

1947 ఆగస్టులో మనకు స్వాతంత్ర్యం వస్తే కెనడా టంకశాలకు చిక్కొచ్చిపడింది. అక్కడి నాణేల మీద ఆరో జార్జి తల చుట్టూ లాటిన్‌లో ఉండే రాత ‘ఎట్ ఇండ్ ఇంప్’ అని ముగిసేది. ‘భారత చక్రవర్తి కూడా’ అని దానర్థం. భారతదేశమే చేజారాక ఆ బిరుదు ఇంకెందుకు? తీసేయాల్సిందే. కానీ బిరుదు తీసేసిన కొత్త అచ్చుల సరంజామా లండన్ నుంచి రావాలి, అది ఆలస్యమైంది. 1948 వచ్చేసింది, దేశంలో చిల్లర కావాలి. అప్పుడు ఒట్టావా వాళ్ళు పాత రాతతోనే, 1947 తేదీతోనే నాణేలు కొడుతూ, తేదీ పక్కన నువ్వుగింజంత మేపుల్ ఆకు పెట్టారు. ఆకు ఉంటే 1948లో కొట్టింది, లేకపోతే 1947లో కొట్టింది.

ఈ చిన్న ఆకు ఖరీదు ఎక్కడికి పోయిందో చూడండి. మామూలు 1947 వెండి డాలర్లు 65,595. ఆకు ఉన్నవి 21,135. కొత్త రాతతో 1948 తేదీ వేసినవి 18,780 మాత్రమే. ఏడాదిలో కొంత కాలం పాత తేదీకే పోయింది కాబట్టి 1948కి అంత కరువు. 50 సెంట్లది కూడా ఆ ఏడు 37,784 దాటలేదు. కెనడా నాణేలు సేకరించేవాళ్ళు జీవితాంతం వెతికే 1948 డాలరు పుట్టుక వెనక ఉన్నది ఎర్రకోట మీద ఎగిరిన జెండా. ఈ సంగతి టొరంటోలోనో కాల్గరీలోనో ఉంటూ ‘కాయిన్ కలెక్షన్ మొదలుపెట్టాం’ అనే మనవాళ్ళలో ఎంతమందికి తెలుసు? వాళ్ళ బీరువా తెరిస్తే కనిపించేది టంకశాల అమ్మే వెల్వెట్ డబ్బాలు, వాటిలో పక్షుల బొమ్మలకు రంగులు పూసిన నాణేలు, అసలైనవేనని చెప్పే పత్రాలు.

అదే నా గొడవ. డబ్బా కొనడం సేకరణ కాదు, షాపింగ్.

డబ్బాల లెక్క ఒకటి చెప్తాను. 2011లో టంకశాల ‘20 డాలర్లకు 20 డాలర్లు’ అని వెండి నాణేలు మొదలుపెట్టింది. 20 డాలర్లు ఇస్తే 20 అని ముద్రించిన నాణెం, 99.99 శాతం వెండి. వినడానికి నష్టమే లేని బేరం. బరువు 7.96 గ్రాములు, అంటే పావు ఔన్సు పైచిలుకు. ఔన్సు వెండి 35 డాలర్లు ఉన్న రోజుల్లో కూడా లోపలి లోహం 9 డాలర్లు. సరే, ముఖవిలువ ఉంది కదా అంటారా? కెనడా కరెన్సీ చట్టం ప్రకారం 10 డాలర్లకు మించిన ముఖవిలువ గల నాణెమైతే ఒక చెల్లింపులో ఒక్కటే చెల్లుతుంది. అంటే ముప్ఫై నాణేలు పట్టుకుని కిరాణా కొట్టుకు పోలేరు. వెండి ధర పెరిగితే లాభం, లేకపోతే బీరువాలో బరువు.

1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నాణేల కథా ఇంతే. 1973 నుంచి 1976 దాకా 5, 10 డాలర్లవి మొత్తం 28 రకాలు, 92.5 శాతం వెండి. 10 డాలర్లది 48.6 గ్రాములు, చేతిలో పెట్టుకుంటే గంభీరంగా ఉంటుంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా దాన్ని అడిగేది వెండి కోసమే. వెండే కావాలనుకుంటే మేపుల్ లీఫ్ పేరుతో టంకశాల కొట్టే ఒక ఔన్సు వెండి నాణెం కొనండి, తప్పు లేదు. అది లోహం, లోహం ధరను బట్టే అమ్ముతారు. కాకపోతే 2018కి ముందువి కొంటే వాటి మీద పాలచుక్కల్లాంటి తెల్ల మచ్చలు రావచ్చు. అవి పోవు, పోగొట్టబోతే నాణెం పోతుంది.

అసలు పోగొట్టడం అనే మాట మీదే నాకు కోపం. వెండి సామాను విభూతితో, రాగి చెంబు చింతపండుతో తళతళలాడించడం మనకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. పాత నాణెం చేతికి రాగానే అదే చేస్తాం. విభూతి గీస్తుంది, చింతపండు పులుపు పై పొరను తినేస్తుంది. అచ్చు దెబ్బకు లోహం అంచులవైపు పారినప్పుడు ఏర్పడే సన్నటి గీతలే నాణేనికి ఆ మెరుపు ఇస్తాయి. ఒక్కసారి రుద్దితే అవి పోతాయి, మళ్ళీ రావు. నాణేల డీలర్ దీపం కింద నాణేన్ని ఇటూ అటూ వంచి చూసేది దీనికోసమే. మెరుపు చక్రంలా తిరిగితే మంచిది. అన్ని వైపులా ఒకేలా తెల్లగా మెరిస్తే తోమిందని అర్థం, ధర సగానికో ఇంకా కిందికో పడుతుంది.

చేయదగ్గ శుభ్రత ఒక్కటే. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో ఉంచిన నాణేల మీద కొన్నేళ్ళకు పచ్చటి జిగురు పడుతుంది, అది పీవీసీ నుంచి వస్తుంది. దానికి స్వచ్ఛమైన అసిటోన్ వాడాలి. గోళ్ళ రంగు తుడిచేది వద్దు, అందులో రంగు, వాసన, నూనె కలిపి ఉంటాయి. గాజు గిన్నెలో పోసి, కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా, కొన్ని నిమిషాలు ముంచి తీయాలి. రెండో గిన్నెలో కొత్త అసిటోన్‌తో కడిగి గాలికి ఆరనివ్వాలి. తుడవొద్దు. ఆ తర్వాత మైలార్ అనే పీవీసీ లేని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టండి. నాణేన్ని అట్ట మడతలో పెట్టి స్టేపుల్స్ కొడితే వాటిని పటకారుతో చదును చేయండి, లేకపోతే పక్క నాణెం మీద గీత పడుతుంది. కెనడాలో చలికాలం ఇంట్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి గడిచిపోతుంది. అవే నాణేలు కాకినాడకో విశాఖకో తెచ్చి ఉంచితే ఉప్పుగాలి వదలదు. పెట్టెలో సిలికా జెల్ వేసి, అప్పుడప్పుడూ మార్చండి.

ఇక పనిముట్లు. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, 0.01 గ్రాము చూపించే చిన్న కాటా, గట్టి అయస్కాంతం. ఈ మూడూ లేకుండా 1948 డాలరు కొనేవాడికి డబ్బు బరువైందని అనుకోవాలి, ఎందుకంటే మార్కెట్లో దాని నకళ్ళు బోలెడు. అసలు డాలరు 23.33 గ్రాములు, 36 మిల్లీమీటర్లు, 80 శాతం వెండి, అయస్కాంతానికి అంటదు. పుస్తకం పేజీలా పక్కకు తిప్పితే బొరుసు నిటారుగా రావాలి, తలకిందులుగా వస్తే అక్కడే ఆపండి. ఇవన్నీ సరిపోయినా నీళ్ళ పరీక్ష చేయండి. కాటా మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి నైలాన్ దారంతో వేలాడదీసి, అడుగుకీ గోడకీ తగలకుండా పూర్తిగా ముంచండి. కాటా చూపించే అంకె నాణెం పక్కకు తోసిన నీటి బరువు. గాలిలో తూకాన్ని దాంతో భాగించండి. 23.33ని 2.30తో భాగిస్తే 10.14 వస్తుంది, అది 80 శాతం వెండి సాంద్రత. వెండి పూత పూసిన రాగి-నికెల్ అయితే అదే బరువుకు 2.62 దగ్గర చూపిస్తుంది. జవాబు వింతగా వస్తే ముందు అంచుకు గాలి బుడగలు అంటుకున్నాయేమో చూసి, దారాన్ని మెల్లగా తట్టండి. అరిగిన నాణెం తూకం తగ్గుతుంది కానీ సాంద్రత మారదు, అందుకే ఈ పరీక్ష తూకం కన్నా నమ్మకమైనది. వెండితోనే చేసిన నకలు మాత్రం దీనికి దొరకదు. అక్కడ అక్షరాల మూలలు, అంచు చుట్టూ పూసల్లా ఉండే చుక్కలు భూతద్దంలో చూడటమే దారి. 1944, 1945 ఐదు సెంట్లకు మాత్రం నీళ్ళు తగలనివ్వొద్దు. అవి క్రోమియం పూసిన ఉక్కు, అంచు దగ్గర తుప్పు పడతాయి.

ఆకు ఉన్న డాలరుకు ఇంకో మోసం ఉంది. మామూలు 1947 నాణేనికే ఆకు అంటిస్తారు. అసలు ఆకు అచ్చులోంచి నాణెం నేలతో, అంటే బొమ్మ లేని చదును భాగంతో, కలిసి లేస్తుంది. అంటించినదాని చుట్టూ సన్నటి గాడి, రంగు తేడా కనిపిస్తాయి. 1936 తేదీ కింద చుక్క ఉన్న 25 సెంట్లకూ ఇదే జాగ్రత్త. ఎనిమిదో ఎడ్వర్డు గద్దె దిగిపోవడంతో కొత్త రాజు అచ్చులు అందేలోపు కొట్టినవని చుక్క పెట్టారు. చుక్క ఉన్న ఒక సెంటు నాణేలు లోకంలో తెలిసినవి మూడే. ఆన్‌లైన్‌లో వంద డాలర్లకు కనిపించే నాలుగోదాన్ని కొనకండి.

అయస్కాంతం చిల్లర పోగుల్లో బాగా పనికొస్తుంది. 10, 25 సెంట్లు 1967 దాకా వెండి, అంటవు. 1968 తేదీవి వెండివీ ఉన్నాయి, నికెల్‌వీ ఉన్నాయి. నికెల్ అంటుంది, కాబట్టి తేల్చడం తేలిక. 1967వి పెద్ద తలనొప్పి. కొన్ని 80 శాతం, కొన్ని 50 శాతం. చూపుకీ తూకానికీ ఒకటే. నీళ్ళ పరీక్షలో 25 సెంట్లది 5.83 గ్రాములకు ఒకటి 0.575 దగ్గర, ఇంకోటి 0.603 దగ్గర వస్తుంది. 0.01 కాటాతో ఆ తేడా పట్టుకోవడం కష్టం, 0.001 కావాలి. అందుకే డీలర్లు 1967 పోగుకు సగటు కట్టేస్తారు. అమ్మేవాళ్ళు ఆ సగటు మీద బేరమాడండి.

తేదీ ఒకటే ఉండి రకం మారేవాటిలో చిల్లరలో వెతకదగ్గది గుర్రం మీద పోలీసు బొమ్మ ఉన్న 1973 నాటి 25 సెంట్లు. రాణి తల పెద్దగా ఉన్నది అరుదు. ‘పెద్ద’ అంటే ఎంత అని కళ్ళు చికిలించకండి, అంచు పూసలు లెక్కపెట్టండి. 120 ఉంటే మామూలుది, 132 ఉంటే దాచుకోండి.

నన్నడిగితే కెనడాలో అసలు చదువు టోకెన్లలో ఉంది. 1858లో సెంట్లు వచ్చేదాకా చిల్లర లేక బ్యాంకులు, వర్తకులు రాగి బిళ్ళలు కొట్టించుకున్నారు. బ్యాంక్ ఆఫ్ మాంట్రియల్ 1835 ప్రాంతంలో వేసిన పూలగుత్తి బిళ్ళల మీద ఫ్రెంచిలో ‘అన్ సూ’ అని, అంటే ‘ఒక సూ’ (సూ అంటే చిల్లర నాణెం) అని ఉండాలి. ఏకవచనం చివర బహువచనపు అక్షరం తగిలించి కొట్టించారు. మన దగ్గర ‘ఒక రూపాయలు’ అని అచ్చేసినట్టు. తర్వాత బాంక్ ద్యు పెప్ల్ అనే ఇంకో బ్యాంకు వేసినదాంట్లో వ్యాకరణం సరిగ్గా ఉంది కానీ, పూలగుత్తి పక్కన చిన్న నక్షత్రం, విప్లవ టోపీ దూరాయి. అక్కడ బ్రిటిష్ పాలన మీద 1837లో లేచిన తిరుగుబాటుకు అభిమాని అయిన గుమాస్తా పని అని చెప్పుకుంటారు. ఈ పూలగుత్తి బిళ్ళల రకాలు గుర్తించేది తేదీతో కాదు. ఎన్ని ఆకులు, ఎన్ని మూడాకుల కొమ్మలు, ముడి ఎటు తిరిగింది, ఇవి లెక్కపెట్టి కెనడా బిళ్ళల జాబితా వేసిన బ్రెటన్ 1894లో ఇచ్చిన సంఖ్యతో పోల్చుకోవాలి. ఒక రాత్రి పట్టే పని, డబ్బు పెద్దగా పట్టదు.

కెనడా తూర్పు తీరంలోని నోవాస్కోషియా 1832 బిళ్ళ మీద నాలుగో జార్జి ఉంటాడు. అతను 1830లోనే పోయాడు. దొంగ నకళ్ళు కూడా ఆ రోజుల్లోనే దిగాయి, ఒకదాని మీద తేదీ 1382 అని పడింది. ఆ దొంగదానికే ఇప్పుడు గిరాకీ. బొచ్చు తోళ్ళ వ్యాపారం చేసిన నార్త్ వెస్ట్ కంపెనీ 1820 బీవర్ (నీళ్ళలో బతికే బొచ్చు జంతువు) బిళ్ళల్లో దాదాపు అన్నిటికీ రంధ్రం ఉంటుంది, అది లోపం కాదు, రంధ్రం చూపించి ధర తగ్గించమని అడిగి నవ్వులపాలు కావద్దు. అదే వ్యాపారం చేసిన హడ్సన్స్ బే కంపెనీ ఇత్తడి బిళ్ళల మీద ‘ఎం బి’ ఉండాల్సింది ‘ఎన్ బి’ అని పడింది, అచ్చు చెక్కినవాడి పొరపాటు. ‘ఎం బి’ అంటే మేడ్ బీవర్, బాగుచేసిన ఒక బీవర్ తోలు లెక్క.

పతకాల గురించి రెండు ముక్కలు. మొదటి ప్రపంచ యుద్ధపు గుండ్రటి పతకాలైతే అంచు మీద సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. పేరు అరగదీసి ఇంకో పేరు చెక్కే మోసం పాతదే. కాలిపర్‌తో నాలుగు వైపులా కొలవండి, 36 మిల్లీమీటర్ల కన్నా తగ్గినచోట ఆకురాయి తిరిగింది. పేరు నిజమనిపిస్తే లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా 6 లక్షలకు పైగా సైనికుల ఫైళ్ళు ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది, నంబరు వేసి చూడండి. రెండో యుద్ధానివి కెనడావాళ్ళకు పేరు లేకుండా ఇచ్చారు. వార్ మెడల్ బ్రిటిష్‌వాళ్ళకు రాగి-నికెల్, కెనడావాళ్ళకు వెండి.

‘ఈ నాణెం మీ దగ్గరుంటే లక్షలు’ అనే తెలుగు వీడియోల గురించి ఏం చెప్పను. పాత నాణేలు, నోట్ల పేరుతో రుసుములు అడిగేవాళ్ళను నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకు 2021లోనే హెచ్చరించింది. అదే వాట్సాప్ జ్ఞానం ఇప్పుడు కెనడా సెంటు మీదికీ పాకింది. 2012 మేలో చివరి సెంటు కొట్టారు కాబట్టి అది అరుదైపోయిందట. కోట్ల కొద్దీ డబ్బాల్లో పడి ఉన్నవి అరుదు ఎలా అవుతాయి?

ఆ సెంట్లతోనే మొదలుపెట్టండి, కానీ ఆరు ఏరుకోండి. 1910ది: ఏడో ఎడ్వర్డు ‘చక్రవర్తి’ మాత్రమే, ఎక్కడికో చెప్పడు. 1911ది: ‘భారత చక్రవర్తి’ వచ్చి చేరాడు, చోటు కోసం ‘దేవుడి దయవల్ల’ ఎగిరిపోయింది, జనం దేవుడు లేని నాణేలని గొణిగారు. అదే ఏడు మన రూపాయి మీద అయిదో జార్జి అంగీ మీది ఏనుగు పందిలా ఉందని గొడవైంది. 1912ది: దేవుడు పొట్టి రూపంలో తిరిగొచ్చాడు. మామూలు 1947ది, ఆకు ఉన్న 1947ది, చివరగా 1948ది. ఆరూ సాధారణ స్థితిలో దొరికేవే, ఒక రంగు డబ్బా ఖరీదు కూడా కావు. 1948దాని మీద భూతద్దం పెట్టండి: ‘ఇండ్ ఇంప్’ పోయి చోటు మిగిలింది కదా, అంతదాకా రెండక్షరాలకు కుదించిన ‘దేయి గ్రాషియా’, అంటే ‘దేవుడి దయవల్ల’, అక్కడ పూర్తిగా విప్పి రాసి ఉంటుంది.