స్కాలర్‌షిప్ టెస్టు గారికి, కొర్లగుంట నుంచి ఒక తండ్రి

అయ్యా స్కాలర్‌షిప్ టెస్టు గారూ,

మా తిరుపతిలో వచ్చినోళ్లందరికీ దక్కేవి రెండు: కొండ మీద లడ్డు, కొండ కింద కోచింగు ఫీజులో మీ నలభై శాతం రాయితీ. లడ్డుకైనా క్యూలో నిలబడాలి.

మావాడు పది పాసయ్యాడు. మూడు కోచింగులు చూసి, పోల్చి చేర్పిద్దామని లాంగ్ నోటుబుక్కులో స్కేలు పెట్టి గళ్లు గీసుకున్నా. ఫీజు గడి నిండింది, హాస్టల్ గడి నిండింది. 'పాఠం ఎవరు చెప్తారు' అన్న గడి మాత్రం మూడుచోట్లా ఖాళీ. అడిగితే "ఎక్స్‌పర్ట్ ఫ్యాకల్టీ సార్" అన్నారు. పేరేంటయ్యా అంటే, అడ్మిషన్ అయినాక తెలుస్తుందట. రెండు బ్రోషర్లలో ఒకే ఫిజిక్సు సారు కనిపించాడు. ఒకదాంట్లో టై ఉంది, ఇంకోదాంట్లో లేదు. తేడా అంతే.

ఇంకోటీ అడిగాను. ఎంసెట్‌లో (2021 నుంచి ఈఏపీసెట్ అంటున్నారు, మా నోటికింకా తిరగలేదు) మూడు గంటల్లో 160 ప్రశ్నలు. తప్పు రాస్తే మార్కు పోదు, కాబట్టి తెలియకపోయినా ఏదో ఒకటి పెట్టి రావాలి. జేఈఈ మెయిన్‌లో అదే మూడు గంటలకు 75 ప్రశ్నలే, కానీ తప్పుకు ఒక మార్కు కోత. అక్కడ తెలియనిది ముట్టుకోకపోవడమే తెలివి. ఒకదానికి పరుగు, ఇంకోదానికి నిదానం. ఈ రెండూ ఒకే క్లాసులో ఎట్లా నేర్పిస్తారండీ అంటే, కౌన్సెలరమ్మ నవ్వి "రెండూ కవరవుతాయి సార్, ముందు బాబుతో స్కాలర్‌షిప్ టెస్టు రాయించండి" అంది. అట్లా మీ పరిచయభాగ్యం కలిగింది.

ఆదివారం పొద్దున షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు, స్టీలు డ్రమ్ములో మజ్జిగ. మావాడు సగం ప్రశ్నలు వదిలేసి బయటికొచ్చాడు. బండి ఇంటికి చేరకముందే ఫోన్ మోగింది: కంగ్రాట్యులేషన్స్, 40 శాతం! ఎదురింటి అమ్మాయి చివరి బెల్లు దాకా రాసింది, దానికీ నలభయ్యే. పక్కింటోళ్ల పిల్లోడు జొరమొచ్చి అసలు పోనేలేదు. వాడికీ నలభై.

నేను మురిసిపోతుంటే మా ఆవిడ లెక్క తీసింది. లక్షా ఇరవై వేలల్లో నలభై శాతం పోతే డెబ్బై రెండు. దానికి మెటీరియలనీ, టెస్ట్ సిరీసనీ, యూనిఫారమనీ ఇరవై ఎనిమిది వేలు కలిపారు. మొత్తం లక్ష. "రెండో చోట ఏ టెస్టూ లేకుండానే లక్ష చెప్పారు కదా, ఈ మాత్రం దానికి ఆదివారం పూట నిద్ర చెడగొట్టాలా పిల్లోడికి?" అంది. ఆ నోటుబుక్కు ఇప్పుడు పాలలెక్కకు వాడుతున్నాం.

ఏర్పేడులో ఐఐటీ ఉంది. బస్సెక్కితే గంట కూడా పట్టదు. మీ దారిలో పోతే రెండేళ్లు, లక్ష చొప్పున.

అన్నట్టు, ఆ రోజు ఊరికే కూర్చోలేక నేనూ ఒక పేపరు అడిగి తీసుకుని, నా పేరే రాసి, తోచిన గుండ్రాలు నింపేశాను. నాకు 45 శాతం వచ్చింది, మావాడి కన్నా ఐదు ఎక్కువే. నిన్న మళ్లీ ఫోన్ చేశారు. నాకు నలభై ఎనిమిదేళ్లమ్మా అంటే, ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి "అయితే లాంగ్ టర్మ్ బ్యాచ్ తీసుకోండి సార్" అంది.

ఇట్లు,
మీ 45 శాతం మెరిట్ విద్యార్థి