సవరణ: ఇంటర్‌పోల్ ఫైళ్లలో మన వివరాలు

వివిధ దేశాల పోలీసుల సహకార సంస్థ అయిన ఇంటర్‌పోల్ వద్ద మన పేరిట ఏ వివరాలున్నాయో తెలుసుకోవాలంటే ఢిల్లీలోని సీబీఐ ద్వారానే అడగాలని ఇంతకుముందు రాశాను, అది తప్పు. ఇంటర్‌పోల్ ఫైళ్ల నియంత్రణ కమిషన్‌కు ఎవరైనా నేరుగా, రుసుము లేకుండా దరఖాస్తు చేసుకోవచ్చు. నా మాట నమ్మి, గల్ఫ్‌లో ఉన్న కొడుకు పాస్‌పోర్టు జిరాక్సు పట్టుకుని కావలి నుంచి నెల్లూరుకు రెండుసార్లు తిరిగిన తల్లికి మనస్ఫూర్తిగా క్షమాపణ చెబుతున్నాను. ఆమె కొడుకు తరఫున పంపాలంటే అతను సంతకం చేసిన అధికార పత్రం కూడా జతచేయాలి. దరఖాస్తు ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్, అరబిక్ భాషల్లో ఒకదానిలో ఉండాలి. అది స్వీకరణకు అర్హమని తేలిన నాటి నుంచి, వివరాలు చూపమని కోరితే 4 నెలల్లో, సరిదిద్దమని లేదా తొలగించమని కోరితే 9 నెలల్లో కమిషన్ సాధారణంగా నిర్ణయం తీసుకోవాలి. ఒక వ్యక్తిని వెతికి తాత్కాలికంగా అరెస్టు చేయమని ఇంటర్‌పోల్ ద్వారా ఆయా దేశాల పోలీసులను కోరే రెడ్ నోటీసును అంతర్జాతీయ అరెస్టు వారెంటు అనడమూ నా పొరపాటే. దాని ఆధారంగా అరెస్టు చేయాలా వద్దా అన్నది ఆయా దేశాల చట్టం తేలుస్తుంది.