పాత కారుకు కొత్త మీటర్లు: ఆ సందేశంలో నమ్మకూడనివి

అంబాసిడర్, పద్మిని, మారుతి 800 లాంటి పాత బండ్లను ఇంకా మురిపెంగా నడుపుకుంటున్నవాళ్లు అమలాపురం, రావులపాలెం, నరసాపురం, భీమవరం వైపు తక్కువేమీ కాదు. వాళ్ల ఫోన్లలో ఈ మధ్య ఒక సందేశం తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: డాష్‌బోర్డు కింద మూడు మీటర్ల సెట్టు బిగించుకోండి. ఏ కంపెనీ మీటరైనా బండిలో ఉన్న పాత సెన్సార్‌తోనే పనిచేస్తుంది. చార్జింగ్ చూడటానికి వోల్టు మీటరు కంటే ఆంపియర్ మీటరే మేలు. ఆయిల్ ప్రెజర్‌కు గొట్టం మీటరే (ఆయిల్‌ను సన్నని గొట్టంలో నేరుగా మీటరు దాకా తెచ్చేది) పెట్టాలి. ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చూపే ఆర్‌పీఎం మీటరుకు, స్పార్క్ ప్లగ్గులకు కరెంటిచ్చే ఇగ్నిషన్ కాయిల్ నుంచి వైరు లాగితే ఏ బండికైనా సరిపోతుంది. ఎర్త్ (కరెంటు బండి రేకు గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) దగ్గర్లో ఉన్న ఏ స్క్రూకైనా ఇవ్వవచ్చు. వేడి ముల్లు పైకి వెళ్తుంటే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీటిని రేడియేటరుకు వెళ్లనివ్వని వాల్వు) తీసేయండి.

మీటర్లు పెట్టుకోమన్న మొదటి మాట మంచిదే. చాలా పాత బండ్లలో ఆయిల్ ప్రెజర్‌కు ఒక ఎర్ర దీపం తప్ప దిక్కులేదు. ప్రెజర్ దాదాపు పూర్తిగా పడిపోయాక గాని ఆ దీపం వెలగదు. అప్పటికి బేరింగులకు జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోతుంది. మిగతా సలహాలను మాత్రం ఉన్నది ఉన్నట్టు పాటిస్తే బండికీ బండిలో ఉన్నవాళ్లకూ ముప్పే.

అన్నిటికంటే పెద్ద తప్పు సెన్సార్ విషయంలో ఉంది. మీటరు తనంతట తాను ఏమీ కొలవదు. ఇంజన్‌లోనో ట్యాంకులోనో ఉన్న సెండర్ (సందేశంలో సెన్సార్ అన్నది దీన్నే) తన రెసిస్టెన్సును, అంటే కరెంటుకు అడ్డుపడే గుణాన్ని, మారుస్తుంది, ఆ మార్పును ముల్లు చూపిస్తుంది. ఈ రెసిస్టెన్సు లెక్క అందరికీ ఒకటి కాదు. అమెరికా పద్ధతి పెట్రోలు మీటర్లలో చాలావాటికి ట్యాంకు ఖాళీ అయితే 240 ఓమ్‌లు (రెసిస్టెన్సు కొలత), నిండితే 33. యూరప్ పద్ధతిలో ఎక్కువగా కనిపించేది ఖాళీకి 10, నిండుకు 180. ఈ రెండో రకం సెండర్‌ను మొదటి రకం మీటరుకు కలిపి చూడండి: ట్యాంకు ఎండిపోయినప్పుడు ముల్లు నిండు గీతను దాటి నిలబడుతుంది, ట్యాంకు నింపాక కిందికి దిగిపోతుంది. పెట్రోలు విషయంలో అయితే దారిలో బండి ఆగుతుంది, అంతే. అదే తేడా ఆయిల్ ప్రెజర్‌లోనో వేడిలోనో వస్తే ఇంజన్ పోతుంది. కాబట్టి మీటరు కొంటే దాని సెండర్‌ను కూడా ఆ పెట్టెలోనే తీసుకోండి. పాత సెండరే ఉంచాలనుకుంటే ముందు మల్టీమీటరుతో దాని ఓమ్‌లు కొలిచి, దానికి తగిన మీటరు వెతుక్కోండి.

వేడి మీటరును బిగించకముందే ఇంట్లో సరిచూసుకోవచ్చు. మన గోదావరి డెల్టా దాదాపు సముద్రమట్టం ఎత్తులోనే ఉంది గనుక మన పొయ్యి మీద మరిగే నీరు ఇంచుమించు కచ్చితంగా 100 డిగ్రీలే. మీటరుకు 12 వోల్టుల బ్యాటరీ కలపండి, మీటరు సెండర్ టెర్మినల్ నుంచి సెండర్‌కు ఒక వైరు ఇవ్వండి, సెండర్ ఒంటిని బ్యాటరీ మైనస్‌కు ఒక వైరుతో కలపండి. సెండర్ మూతిని మాత్రమే మరుగుతున్న నీళ్లలో ముంచండి. ముల్లు 100 దగ్గర నిలవాలి. గిన్నె దించి, నీరు చల్లారుతుంటే థర్మామీటరు పక్కన పెట్టి 80 దగ్గర మరోసారి చూడండి. ఈ రెండు చోట్లా సరిపోతే ఆ జత నమ్మదగిందే.

బిగించేటప్పుడు మరలు చూసుకోండి. పైపు మరల్లో రెండు పద్ధతులున్నాయి: 1/8 సైజులో అమెరికా ఎన్‌పీటీకి అంగుళానికి 27 మరలు, బ్రిటిష్ బీఎస్‌పీకి 28. రెండూ చేతికి ఒకేలా అనిపిస్తాయి. మొదటి రెండు చుట్లు ఎక్కుతాయి, తర్వాత బిగుస్తుంది. అక్కడ స్పానర్‌తో బలం చూపిస్తే ఇంజన్ బ్లాకులోని మరలే చెడిపోతాయి. ఆ రెంటినీ కలిపే అడాప్టర్లు దొరుకుతాయి, వాడండి. ఇంకో సంగతి: ఒకే వైరు ఉన్న సెండర్‌కు ఎర్త్ ఆ మరల ద్వారానే అందుతుంది. లీకు కాకూడదని తెల్లటి టెఫ్లాన్ టేపు దిట్టంగా చుట్టేస్తే ఆ దారి మూసుకుపోయి ముల్లు తప్పు చెబుతుంది.

ఇక ఆంపియర్ మీటరు. బ్యాటరీని చార్జ్ చేయడానికి డైనమో వాడిన రోజుల్లో, కరెంటు 20 ఆంపియర్ల చుట్టుపక్కల ఉన్నప్పుడు అది నడిచింది. ఇప్పుడు అవే బండ్లలో డైనమో స్థానంలో ఎక్కువ కరెంటిచ్చే ఆల్టర్నేటరు, హాలోజన్ దీపాలు, పాటల పెట్టె, కొన్నిటిలో ఏసీ కూడా ఉన్నాయి. ఆంపియర్ మీటరు పెడితే స్టార్టరుకు వెళ్లేది తప్ప మిగతా కరెంటంతా డాష్‌బోర్డులోకి వచ్చి, ఆ మీటరు గుండానే వెనక్కి వెళ్లాలి. వెనక ఒక్క నట్టు వదులైతే అక్కడ వేడి పుట్టి వైర్లు కాలతాయి, అదీ మీ మోకాళ్ల ముందే. వోల్టు మీటరుకు సన్నని వైరు, చిన్న ఫ్యూజు చాలు. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 చూపాలి, నడుస్తుంటే 13.8 నుంచి 14.5. నడుస్తున్నప్పుడూ 13 దాటకపోతే బెల్టు, ఆల్టర్నేటరు చూడండి. 15 దాటితే వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటరు చెడినట్టే, బ్యాటరీ ఉడికిపోతుంది.

గొట్టం మీటరు ప్రెజర్‌ను సరిగ్గా చూపుతుందన్నది నిజమే, కాదనను. కానీ కాగే ఆయిల్ ప్రెజర్‌తో సహా ఒక సన్నని గొట్టంలో మీ కాళ్ల దాకా వస్తుంది. నైలాన్ గొట్టం వేడికి పెళుసుబారుతుంది. రాగి గొట్టం కాలువగట్టు రోడ్ల కుదుపులకు చిట్లుతుంది. ఇంట్లో అందరినీ ఎక్కించుకుని తిరిగే బండికి ఎలక్ట్రిక్ మీటరే పెట్టండి. టీ జాయింటు వేసి పాత ఎర్ర దీపాన్ని కూడా తప్పకుండా ఉంచండి. ముల్లును చూడటం మరిచినా దీపం కళ్లలో పడుతుంది.

ఆర్‌పీఎం మాట పెట్రోలు బండికి సరే. డీజిల్ అంబాసిడర్‌కు ఇగ్నిషన్ కాయిలే ఉండదు. అక్కడ ఆల్టర్నేటరు మీద ‘డబ్ల్యూ’ టెర్మినల్ నుంచి సిగ్నల్ తీసుకోవాలి, ఆ సిగ్నల్‌కు పనికొచ్చే మీటరే కొనాలి.

ఏ స్క్రూకైనా ఎర్త్ ఇవ్వడం మన దగ్గర అసలు కుదరని పని. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి సంగతి చెప్పనక్కర్లేదు, లోపలి ఊళ్లలోనూ తేమ తక్కువ కాదు. పెయింటు మీద బిగించిన స్క్రూ చుట్టూ ముందు తుప్పు మరక వస్తుంది, ఆ తర్వాత దీపాలు వేసినప్పుడల్లా ముళ్లన్నీ ఒక్కసారిగా కదులుతాయి. అలా కదిలితే జబ్బు ఎర్త్‌లో ఉందని అర్థం. రేకు మెరిసేదాకా పెయింటు గీకి, రింగు టెర్మినల్ బిగించి, పైన గ్రీజు పూయండి. బాగా పాత బ్రిటిష్ డిజైన్ బండ్లలో బ్యాటరీ ప్లస్ బాడీకి కలిసి ఉంటుంది, వైరు ముట్టుకునే ముందు అది చూసుకోండి.

థర్మోస్టాట్ తీసేయమన్న సలహా నాకు ఎక్కువ కోపం తెప్పించింది. అది తీస్తే మామూలు రోజుల్లో ముల్లు కిందికి దిగుతుంది, నిజమే. కానీ 80 డిగ్రీలకు పైన పనిచేయాల్సిన ఇంజన్ చల్లగా నడిచి పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. రేడియేటరు పూడిపోయి ఉంటే మే నెల ఎండలో ఎలాగూ కాగుతుంది. ముల్లు ఎందుకు లేచిందో వెతకండి: నీరు, ఫ్యాను బెల్టు, రేడియేటరు మూత. తీరం దగ్గర ఉప్పు బోరు నీళ్లు, కాలువలోని బురద నీళ్లు పోసిన రేడియేటర్లలో గార పేరుకుంటుంది. అదే గార సెండర్ మూతికీ పట్టి ముల్లు ఆలస్యంగా కదులుతుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి పోయండి. లేచిన ముల్లు ఉన్నట్టుండి పడిపోతే ఇంజన్ చల్లబడిందని మురిసిపోకండి. నీరు కారిపోయి సెండర్ గాలిలో మిగిలిందేమో. వెంటనే బండి పక్కకు తీసి ఆపండి. 7 పీఎస్‌ఐ ప్రెజర్ ఆపే రేడియేటరు మూత కింద నీరు దాదాపు 111 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది. మూత తీసిన మరుక్షణం ఆ నీరు ఒక్కసారిగా మరిగి ఆవిరితో సహా ముఖాన కొడుతుంది గనుక ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా దాన్ని ముట్టుకోవద్దు.