వన్ సైడు సంబంధం

మా బావకి పాములన్నా దెయ్యాలన్నా భయం లేదు. ప్రింటరులోంచి ఆఖర్న ఏమీ అచ్చు పడకుండా వచ్చే తెల్ల కాగితం చూస్తే మాత్రం గుండె ఆగినంత పనవుతుంది. దాన్ని అటూ ఇటూ తిప్పి, అడుగున ఒక్క పేజీ నెంబరు తప్ప ఇంకేం కనిపించకపోతే, "ఈ అంకె వేసుకోడానికి కాగితం మొత్తం తినీసింది చూడు" అని ఎదురుగా ఎవరుంటే వాళ్ళకి చూపిస్తారు. ఎదురుగా ఎక్కువసార్లు దొరికేది నేనే. విజయనగరంలో అక్కావాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య రెండు వీధులే అడ్డం.

ఆయన ఒక ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఏ ఆఫీసో చెప్పను, రిటైర్మెంటుకి ఇంకా కొంత సర్వీసుంది. లెక్కల మనిషి. "ఏ ఫోర్ కాగితం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా?" అని మొదలుపెడితే, ఆదివారం మటన్ కోసం బయల్దేరినవాడు కూడా అక్కడే ఆగిపోవాలి. "ఏ జీరో అని ఒక పెద్ద కాగితం ఉంటుంది. సరిగ్గా చదరపు మీటరు. దాన్ని సగానికి, మళ్ళీ సగానికి, అలా నాలుగుసార్లు మడిస్తే వచ్చే పదహారో వంతే ఏ ఫోర్. జీఎస్ఎం అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములని. 80 జీఎస్ఎం కాగితం ఒక్కోటీ 5 గ్రాములు. రీముకి 500. అంటే రెండున్నర కిలోలు. మా ఆఫీసులో రోజూ ఎన్ని కిలోల కాగితం చెత్తబుట్టలోకి పోతోందో తెలుసా?"

"రెండున్నర కిలోల బెల్లం తెమ్మని వారం నుంచి చెప్తున్నాను, ఆ లెక్క మాత్రం గుర్తుండదు" అని వంటింట్లోంచి అక్క.

ఆఫీసులో సంస్కరణలన్నీ బావే మొదలుపెట్టారు. మొదటిది, ప్రింటర్లన్నిటికీ రెండు వైపులా అచ్చు వేసేలా సెట్టింగు మార్చడం. ఆలోచన మంచిదే, సగం కాగితం మిగిలే మాట నిజమే. కాకపోతే అందులో ‘లాంగ్ ఎడ్జ్’, ‘షార్ట్ ఎడ్జ్’ అని రెండుంటాయి. నిలువు పేజీకి పొడుగు అంచు పట్టుకుని తిప్పాలి, పుస్తకం తిప్పుతాం చూడండి, అలా. పొట్టి అంచుకి పెడితే వెనక పేజీ తలకిందులుగా వస్తుంది. నెలవారీ సమీక్షకి వెళ్ళిన రిపోర్టు అలాగే వచ్చింది. మీటింగులో పెద్దలందరూ ఆ రిపోర్టుని పట్టుకుని ఘాట్ రోడ్డులో బస్సు స్టీరింగు తిప్పినట్టు తిప్పుతూ కూర్చున్నారట. సాయంత్రానికి మొత్తం మళ్ళీ ప్రింటు కొట్టారు, ఈసారి ఒక వైపే.

రెండో సంస్కరణ, ఒక కాగితం మీద నాలుగు పేజీలు. సూపరింటెండెంటు గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసి, ఇంకో కళ్ళజోడు తెమ్మని ఇంటికి మనిషిని పంపించారు. ఆ సంస్కరణ ఆ పూటతో సరి.

మూడోదే అసలుది. వన్ సైడు కాగితాలు. ఒక వైపు అచ్చయి రెండో వైపు ఖాళీగా ఉన్నవన్నీ ఒక అట్టపెట్టెలో పోగేసి, రఫ్ కాపీలకి అవే ట్రేలో పెట్టాలని రూలు. వెనక ఏముందో చూడాలి కదండీ అని ఎవరో అంటే, "రెండో వైపు సంగతి రెండో వైపుది, మనకెందుకు?" అన్నారట. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

ఆ ప్రింటరుతో నిజంగా కాపురం చేసేది అటెండరు. సర్వీసు ఇంజనీరు కంటే ఆయనకే ఎక్కువ తెలుసని నా నమ్మకం. వన్ సైడు పెట్టె వచ్చిన దగ్గర్నుంచీ మూత తెరిచి, చెయ్యి లోపలికి పెట్టి, నలిగిన కాగితం చించకుండా లాగడమే ఆయన డ్యూటీ అయిపోయింది.

"పిన్ను తియ్యకుండా ఎట్టీసినారేటి బాబూ? డ్రమ్ము మీద గీత పడిపోతే రోజూ అన్ని కాయితాల మీదా ఆ గీతే పడతాది" అన్నాడు ఒకరోజు. ఇంకో రోజు బయట ముసురు. "ఈ గాలికి కాయితాలు చెమ్మెక్కిపోనాయి. ఒకటి లాగితే మూడు ఎల్తన్నాయి. పేకెట్టు ఇప్పీసి అలాగొగ్గీకండి, మూసి బీరువాలో ఎట్టండి." లేజరు ప్రింటరులోంచి ఒకసారి వేడికి వెళ్ళొచ్చిన కాగితం కొంచెం వంకర తిరుగుతుందని, దాన్ని చేత్తో సాపు చేసి, అంచులు విదిలించి, ఒకే వైపు తిప్పి పేర్చి పెడితేనే తిన్నగా వెళ్తుందని చూపించింది కూడా ఆయనే. చివర్లో ఒక సలహా: "అచ్చున్న వేపు అడ్డంగా ఒక గీత కొట్టీయండి బాబూ. ఏ వేపు పాతదో తెలిసిపోతాది."

"గీతకి ఇంకు ఖర్చు కాదూ?" అన్నారు బావ.

నన్నడిగితే, కాగితం మిగిలేదంతా ప్రింటు మీట నొక్కేముందు ప్రివ్యూ చూసే అర నిమిషంలోనే మిగులుతుంది. నొక్కాక చేసేదంతా శవానికి సింగారమే. కానీ బావకి ప్రివ్యూ అంటే చిన్నచూపు. తెర మీద చూసింది చూసినట్టు కాదట, చేతికి తగలాలట.

సూపరింటెండెంటు గారు దండం పెట్టి, సంస్కరణలు చాలు అన్నాక, బావ ఉత్సాహమంతా ఇంటికి మళ్ళింది. కరోనా రోజుల్లో మేనకోడలి ఆన్‌లైను క్లాసుల కోసం కొన్న ప్రింటరొకటి ఉంది ఇంట్లో. దాని పక్కనే వన్ సైడు పెట్టె వెలిసింది. అందులో పిల్ల ఇంజనీరింగు ల్యాబు నోట్సు, ఇంటిపన్ను నోటీసు, అక్క వాట్సాప్‌లో వచ్చిందని ప్రింటు తీయించుకున్న వ్రత విధానం, పాత రైలు టికెట్లు. రైలు టికెట్టు ప్రింటు దగ్గర మొగుడూ పెళ్ళాలకి ఎప్పుడూ తగువే. ఫోన్‌లో మెసేజీ, ఒరిజినల్ ఐడీ చూపిస్తే చాలని ఆయన. చార్జింగ్ అయిపోతే టీసీకి ఏం చూపిస్తావు, నీ మొహమా అని ఆవిడ. ప్రతిసారీ ఆవిడే గెలుస్తుంది, టికెట్టు ప్రింటవుతుంది, టీసీ దాన్ని అడగడు.

ఇంతలో మేనకోడలికి సంబంధాలు మొదలయ్యాయి. పిల్ల విశాఖలో ఉద్యోగం చేస్తోంది. బావ ఏ పనైనా రిజిస్టరు లేకుండా చెయ్యరు కాబట్టి, వచ్చిన సంబంధాలన్నిటికీ ఒక ఎక్సెల్ షీటు తయారుచేశారు. వరస నెంబరు, పేరు, ఊరు, చదువు, ఉద్యోగం, జీతం, గోత్రం, నక్షత్రం, ఆఖరి కాలమ్ రిమార్కులు. వాకబుకి వెళ్ళొచ్చిన రోజే, చెప్పులు విప్పకముందే రిమార్కు రాసేసేవారు, ఆవేశం చల్లారితే నిజం పోతుందని.

అక్కకి చూపించడానికి ప్రింటు కొట్టారు. నక్షత్రం దాకా అన్నీ ఒక కాగితం మీద వచ్చాయి. రిమార్కులు ఒక్కటీ వేరే కాగితం మీద, ఎడమ అంచున, మిగతా పేజీ అంతా తెల్లగా. అక్షరాలు చిన్నవి చేశారు. మళ్ళీ అంతే. మార్జిన్లు తగ్గించారు. మళ్ళీ రిమార్కులు విడిగానే. పేజీ అడ్డంగా తిప్పారు, ఈసారి నక్షత్రం కూడా రిమార్కుల్లాగే బయటికి పోతుందేమోనని భయపడి మధ్యలోనే ఆపేశారు. కాగితం లోపల ఇరుక్కుంది. ఆఖరికి కూతురికే ఫోను చేశారు.

"నాన్నా, ప్రింటు కొట్టే చోట ‘నో స్కేలింగ్’ అని ఉంటుంది చూడు. దాన్ని ‘ఫిట్ ఆల్ కాలమ్స్ ఆన్ వన్ పేజ్’ అని మార్చు. అయినా ప్రివ్యూలో కనిపిస్తుంది కదా! ఇంతకీ ఏం ప్రింటు తీస్తున్నావు?"

"ఆఫీసు పనమ్మా."

ఆ మీట నొక్కగానే అన్ని కాలమ్‌లూ ఒకే పేజీలో ఒదిగాయి. ఆ మంచి కాపీ బీరువాలో అక్క పట్టుచీరల కిందికి వెళ్ళింది. అంతకుముందు పాడైన రిమార్కుల పేజీలు, పేర్లూ ఊళ్ళూ ఏమీ లేనివి, తొంభై వంతులు తెల్లగా ఉన్నవి, ఎక్కడికి వెళ్ళాయో మీకు తెలుసు.

బొబ్బిలి వైపు నుంచి ఒక మంచి సంబంధం. కుర్రాడి తండ్రి రిటైరయిన హెడ్‌మాస్టరు. బావ వాకబుకి వెళ్ళి చూసొచ్చారు, వాళ్ళకీ నచ్చింది, అమ్మాయి బయోడేటా పంపమన్నారు. బావ వన్ సైడు కాగితాలు ట్రేలో పెట్టి ప్రింటు కొట్టారు. అచ్చున్న వైపు పైకి పెట్టాలో కిందికి పెట్టాలో ఏ ఇంట్లోనూ ఎవరికీ గుర్తుండదు. మొదటి కాపీ సరిగ్గా ఇంటిపన్ను నోటీసు మీదే పడింది. ‘అమ్మాయి బీటెక్, చామనఛాయ, ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, గడువు దాటినచో వడ్డీతో సహా వసూలు చేయబడును’ అని చక్కగా చదువుకోవచ్చు. ట్రేలో మిగతా కాగితాలు తిరగేసి మళ్ళీ కొట్టారు. ఈసారి శుభ్రంగా వచ్చింది. పెళ్ళిళ్ళ పేరయ్య బయటే స్కూటరు స్టార్టు చేసి ఉన్నాడు. కవర్లో పెట్టి ఇచ్చేశారు. వెనక్కి తిప్పి చూడలేదు. రెండో వైపు సంగతి రెండో వైపుది కదా.

దసరా వెళ్ళింది. పైడితల్లమ్మ పండగ వచ్చింది. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను అంటే, ముందురోజు తొలేళ్ళకే మా ఊళ్ళో ప్రతి ఇంటా చాప పరిచే జాగా ఉండదు. చింతమాను చివర పూజారి కూర్చుని గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంటే చూడటానికి జిల్లాలు దాటి వస్తారు జనం. ఆ జనంలోనే హెడ్‌మాస్టరు గారు కూడా వచ్చారు, దంపతులిద్దరూ. "పండక్కి వచ్చాం, పనిలో పని మీ ఇల్లు కూడా చూసిపోదామని" అన్నారు. బావ మొహం వెలిగిపోయింది.

కాఫీలయ్యాక మాస్టారు పొందూరు ఖద్దరు లాల్చీ జేబులోంచి కాగితం తీసి, మడతలు విప్పి, టీపాయి మీద పరిచారు. బయోడేటా కిందికి, రెండో వైపు పైకి.

ఎడమ అంచున వరసగా ఉన్నాయి:

కుర్రాడు బుద్ధిమంతుడు. జుట్టు లేదు.
జీతం బాగుంది, చెప్పినంత లేదు.
తల్లి గయ్యాలి అని వినికిడి. ధ్రువపరచుకోవాలి.
తండ్రి పిసినారి. కాఫీ అయినా ఇవ్వలేదు.
సొంత ఇల్లు. మెట్లు మరీ ఎక్కువ.
తండ్రి వాగుడుకాయ. చీకటి పడ్డాక గానీ వదల్లేదు.
పరవాలేదు. ఇంకేదీ దొరక్కపోతే చూద్దాం.

అక్కడక్కడ ఎర్ర సిరా సున్నాలు చుట్టి ఉన్నాయి. "గయ్యాళికి ‘ళ’ రావాలండీ. అదొక్కటీ దిద్దాను. మిగతా భాష బాగుంది, క్లుప్తంగా ఉంది" అన్నారు మాస్టారు, ముప్పై ఏళ్ళ సర్వీసు గొంతులో.

బావ నా వైపు చూశారు. నేను ఫ్యాను వైపు చూశాను.

"ఇందులో మాది ఏదో తెలియక ఇంట్లో పెద్ద చర్చ అయిపోయిందండీ" అన్నారు మాస్టారు. "నాలుగోది మేం కాదు. కాఫీ రెండుసార్లు ఇచ్చాం. మెట్లది కూడా కాదు, మాది పెంకుటిల్లు. మూడోది తనదేనని మా ఆవిడ పట్టుబట్టి కూర్చుంది."

"ఎవరో చెప్పారని రాశారంటే చెప్పినవాళ్ళు మా ఆడపడుచే" అన్నారావిడ నెమ్మదిగా. ఆ నెమ్మదితనం చూశాక మూడోది ధ్రువపడినట్టే నాకనిపించింది.

"ఆరోది నేనని మా అబ్బాయి అంటాడు" అన్నారు మాస్టారు. "నేను అంత మాట్లాడతానా? మీరొచ్చిన రోజు బొబ్బిలి వీణల గురించి కొంచెం చెప్పాను, అంతే. గొల్లపల్లిలో పనస మాను దుంగ ఒక్కటే తొలిచి వీణ చేస్తారని, ఆ దుంగ ఎలా ఎంచుతారో..." అని అందుకుని, చాలాసేపు చెప్పారు. ఈలోగా అక్క మూడో విడత కాఫీ తెచ్చింది. నాలుగో లైను చదివిన దగ్గర్నుంచీ ఆ పూట మా అక్క ఎవరి చేతిలోనూ గ్లాసు ఖాళీగా ఉండనివ్వలేదు.

నాకు ఒక్కటే తడుతోంది. బీరువాలోకి వెళ్ళిన ఆ మంచి కాపీయే పొరపాటున పెట్టెలోకి వెళ్ళి ఉంటే, ఈ రిమార్కుల పక్కన పేర్లు కూడా ఉండేవి. పాడైన పేజీయే పరువు నిలబెట్టింది.

"అంచేత" అన్నారు మాస్టారు, గ్లాసు కింద పెట్టి, "దీనికి మొదటి పేజీ ఒకటుంటుంది కదా, పేర్లున్నది. అది ఒక్కసారి చూపిస్తే మా ఇంట్లో గొడవ తీరిపోతుంది. ఆఖరిది మాదైతే మాకేం అభ్యంతరం లేదు, అది కలుపుకుపోయే మాటే."

బావ చూపు ఒక్క క్షణం బీరువా వైపు వెళ్ళి వచ్చింది. గొంతు సవరించుకున్నారు. "అది... ప్రింటరులో ఇంకు అయిపోయిందండీ. పండగ కదా, షాపులు కూడా మూసేసి ఉంటాయి. కాగితాలు కూడా..."

"భలేవారే. పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పెట్టీయండి. దానికి మళ్ళీ కాగితం దండగెందుకు, బావగారూ?"