ఏళ్లుగానా, వారాలుగానా? మతిమరుపులో ముందు అడగాల్సిన ప్రశ్న

అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ప్రియాన్ జబ్బులపై (ప్రోటీన్లు వికృతమై మెదడును వేగంగా దెబ్బతీసే జబ్బులు) నిఘా పెట్టే జాతీయ కేంద్రం ఉంది. ప్రియాన్ జబ్బు ఉందని అనుమానించినవాళ్లు చనిపోతే, వాళ్ల మెదడు నమూనాలు అక్కడికి వెళ్తాయి. ఆ జబ్బుకు మందు లేదు. 2011లో అక్కడి పరిశోధకులు 1,106 శవపరీక్షల లెక్క ప్రచురించారు. వారిలో 352 మందికి అసలు ప్రియాన్ జబ్బే లేదు. ఆ 352 మందిలో 71 మందికి ఉన్నవి చికిత్సకు లొంగే అవకాశమున్న జబ్బులు. అందులోనూ 26 మందిలో సొంత రోగనిరోధక వ్యవస్థే మెదడు మీద దాడి చేసింది.

ఇలా రోగనిరోధక వ్యవస్థ దాడి వల్ల వచ్చే మతిమరుపు అరుదే. మన దేశంలో అరవై దాటినవారిలో సుమారు 7.4 శాతం మందికి, అంటే 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా. వీరిలో ఎక్కువమందికి ఉండేది అల్జీమర్స్, లేదా మెదడు రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వచ్చే మతిమరుపు. కానీ అరుదు కాబట్టి వదిలేద్దాం అనే వాదన ఇక్కడ చెల్లదు. అల్జీమర్స్‌ను వెనక్కి తిప్పే మందు మన దగ్గర లేదు. రోగనిరోధక దాడితో వచ్చే మతిమరుపును మాత్రం చాలామందిలో తిప్పగలం. అమెరికాలోని మేయో క్లినిక్ 2010లో ఇలాంటి 72 మంది వివరాలు ప్రచురిస్తే, రోగనిరోధక చికిత్సతో, అంటే ఆ దాడిని అణిచే మందులతో, 64 శాతం మంది మెరుగుపడ్డారు.

పెద్దవయసులో ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది మెదడులోని ఎల్‌జీఐ1 అనే ప్రోటీన్ మీద దాడికి రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే యాంటీబాడీల జబ్బు. ఆడవాళ్లకన్నా మగవాళ్లలో ఎక్కువ, సాధారణంగా అరవైల్లో కనిపిస్తుంది. చాలామందిలో మతిమరుపు కన్నా ముందే ఒక వింత లక్షణం మొదలవుతుంది. ముఖం ఒక పక్క, అదే పక్క చెయ్యి ఒక్కసారిగా బిగుసుకుని, రెండు మూడు సెకన్లలో వదిలేస్తాయి. చేతిలో కాఫీ గ్లాసు ఉంటే జారిపోతుంది. రోజుకు పదుల సార్లు వస్తుంది. ఇంట్లోవాళ్లు నరాల బలహీనత అనుకుంటారు, కొందరు డాక్టర్లు టెన్షన్ అంటారు. నిజానికి అది ఒక రకం ఫిట్స్, కానీ ఈఈజీలో (మెదడు విద్యుత్ తరంగాల పరీక్షలో) తరచూ దొరకదు, మామూలు ఫిట్స్ మందులకు పెద్దగా తగ్గదు. స్టెరాయిడ్‌కు తగ్గుతుంది. ఇలాంటి 103 మందిని గమనించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ కుదుపులను ముందే రోగనిరోధక చికిత్సతో ఆపితే తర్వాత రాబోయే మతిమరుపునే అడ్డుకోవచ్చని తేలింది.

రెండో ఆనవాలు రక్తంలో సోడియం పడిపోవడం. ఈ రోగుల్లో సగానికి పైగా ఇది ఉంటుంది. మన దగ్గర పెద్దవాళ్లకు 'ఒంట్లో ఉప్పు తగ్గింది' అని సెలైన్ ఎక్కించి పంపడం ఎంత మామూలో తెలిసిందే. బీపీ మాత్రల మీదికి తప్పు తోసేస్తే కథ అక్కడితో ముగుస్తుంది. అసలు చిక్కు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఉప్పు సంగతి జనరల్ డాక్టర్ చూస్తాడు, కుదుపులు ఇంకొకరి వాటాకు వెళ్తాయి, రాత్రిళ్లు నిద్రలేక అనుమానంగా మాట్లాడితే మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్తారు. మూడు చీటీలనూ ఒక బల్ల మీద పరిచి చూసేవాళ్లు ఉండరు.

ఎంఆర్ఐ మామూలుగా ఉందని తీసిపారేయడానికీ లేదు. ఈ జబ్బులో స్కాన్, వెన్నునీరు రెండూ బాగానే ఉండొచ్చు. అందుకే ఖరీదైన పరీక్షకన్నా ముందు కావాల్సింది తేదీలు. సంక్రాంతికి పేకాటలో లెక్కలు చెప్పిన మనిషి ఉగాదికి మనవడి పేరు తడుముకుంటుంటే, దాన్ని 'పెద్దతనం' ఖాతాలో వేయకూడదు. రోగనిరోధక దాడి వల్ల వచ్చే మెదడు జబ్బులను గుర్తించడానికి 2016లో నిపుణులు ప్రకటించిన ప్రమాణాలూ మూడు నెలల్లోపు ముదిరిన మార్పులనే మొదటి షరతుగా పెట్టాయి. యాంటీబాడీ ఫలితం వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదనీ చెప్పాయి. ముందు రక్తం, వెన్నునీరు తీసి పంపాలి, ఇన్‌ఫెక్షన్ లేదని చూసుకోవాలి, ఆపై చికిత్స మొదలుపెట్టొచ్చు.

చికిత్సంటే కోట్ల మాటేమీ కాదు. ఎక్కువగా మొదట ఇచ్చేది సెలైన్‌లో మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, దాదాపు ఐదు రోజులు. పాత మందు, చవక మందు. దాతల రక్తం నుంచి తీసే యాంటీబాడీల మందు ఇమ్యునోగ్లోబులిన్ మాత్రం మధ్యతరగతి నడ్డి విరుస్తుంది. తర్వాతి మెట్టులో వాడే, యాంటీబాడీల తయారీకి దారితీసే రక్తకణాలను తగ్గించే రిటుక్సిమాబ్‌కు హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2007లోనే తక్కువ ధర రూపం తెచ్చింది.

అయితే మతిమరుపు ఉన్న ప్రతి పెద్దాయనకూ స్టెరాయిడ్ ఎక్కించమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2023లో ఇలాంటి రోగనిరోధక మెదడు జబ్బు లేకున్నా ఉందని ముద్రపడిన 107 మంది గురించి ఒక అధ్యయనం వచ్చింది. కొందరికి నిజంగా ఉన్నది అల్జీమర్స్ లాంటిదే, కొందరిది మానసిక సమస్య. థైరాయిడ్ యాంటీబాడీలు కనిపించగానే పొరబడినవాళ్లూ ఉన్నారు. అవి ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ కనిపిస్తాయి. అనవసర చికిత్సతో దుష్ప్రభావాలూ వచ్చాయి. షుగర్ ఇంతగా ఉన్న మన సమాజంలో స్టెరాయిడ్ తేలికైన ప్రయోగం కాదు.

కాబట్టి మందు మొదలుపెట్టే ముందే జ్ఞాపకశక్తి పరీక్ష చేసి మార్కులు రాసిపెట్టాలి, కుదుపులుంటే ఇంట్లోవాళ్లు ఫోన్‌లో వీడియో తీసి ఉంచాలి, కొన్ని వారాల తర్వాత అవే మళ్లీ చూడాలి. 'ఇప్పుడు కాస్త హుషారుగా ఉన్నారు' అన్న మాటను లెక్కలోకి తీసుకోలేం. స్టెరాయిడ్ పడితే జబ్బు లేనివాడికీ నాలుగు రోజులు హుషారొస్తుంది.