అగ్నిశిఖను కూడా చేర్చండి

ఎండలకు తట్టుకునే అరుదైన మొక్కలంటూ మీరిచ్చిన జాబితాలో ఎడారి గులాబీ, కలబంద జాతులే కనిపించాయి. మన అడవుల్లో, కంచెల మీద పాకే అగ్నిశిఖ లేకపోవడం బాధనిపించింది. అడవినాభి అన్నా ఇదే. తమిళనాడు రాష్ట్ర పుష్పం కూడా.

మా మేడ మీద నాలుగేళ్లుగా పెంచుతున్నాను. ఆకు కొసే తీగలా మెలి తిరిగి దేన్నైనా పట్టుకుని పైకి పోతుంది. పువ్వు మొదట ఆకుపచ్చ, తర్వాత పసుపు, చివరికి నిప్పు ఎరుపు. రేకులు వెనక్కి విరుచుకుని అచ్చం మంటలాగే ఉంటాయి! దుంప నాగలి ఆకారంలో ఉంటుంది, అందుకే సంస్కృతంలో లాంగలి అన్నారు. మొలక దుంప కొసనే వస్తుంది, అది విరిగితే ఇక ఆశ లేదు. తొలకరికి ముందు ఇసుక కలిపిన ఎర్రమట్టిలో అడ్డంగా పెట్టండి. చలికాలంలో తీగ ఎండిపోతే చచ్చిందని పారేయకండి, నీళ్లు మానేస్తే చాలు, వానలకు మళ్లీ లేస్తుంది.

ఒక్క జాగ్రత్త: మొక్కంతా విషమే. దుంపలో, గింజల్లో కాల్చిసిన్ అనే విషపదార్థం ఎక్కువ. పసిపిల్లలున్న ఇంట్లో వద్దు. దయచేసి అడవిలోంచి తవ్వి తేకండి, నర్సరీలో అడగండి.